ముందు కాటా సరిచూసుకోండి

మాది ఒంగోలుకు దగ్గర్లో, గుండ్లకమ్మ పక్కన ఒక ఊరు. 26 ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. మొన్న ఈస్టరుకు మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న ఆడపిల్లలు నలుగురు ఒక సాయంత్రం కొట్టు అరుగు మీద కూర్చుని, "అత్తా, ఆదివారం గుడిలో ఉన్నంతసేపూ బాగుంటుంది. సోమవారం నుంచి ఏం చెయ్యాలో అర్థం కావడం లేదు" అన్నారు. వాళ్లలో ఒకమ్మాయి గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తుంది. ఒకమ్మాయికి కొత్తగా పెళ్లయింది. మిగతా ఇద్దరూ చదువుకుంటున్నారు. గిరాకీ మధ్యలో ఆ రోజు చెప్పగలిగింది కొంతే. మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది కొట్టు, అందుకే కొట్టు నుంచే చెబుతాను.

ఎవరూ చూడని చోటు

రోజులో మీ చెయ్యి ఎదుటి మనిషి కష్టార్జితాన్ని తాకే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ కాస్త అటూ ఇటూ చేసినా ఎవరూ కనిపెట్టలేరు. ముందు ఆ చోటు ఏదో తెలుసుకుని భక్తి అక్కడ మొదలుపెట్టండి. పాటలు నేర్చుకోవడం, వాక్యాలు కంఠతా పట్టడం ఎలాగూ సంఘంలో నేర్పుతారు. ఈ చోటు మాత్రం ఎవరూ వచ్చి చూపించరు. దర్జీకి అది మిగిలిన గుడ్డ. ఆటో అతనికి ఊరికి కొత్తవాళ్లు అడిగే కిరాయి. లెక్కలు రాసే అమ్మాయికి కూలీల హాజరు పట్టీ. చదువుకునే పిల్లకు పరీక్ష హాలు. నాకు కాటా.

పొద్దున 5 గంటలకు షట్టర్ ఎత్తి లైటు వెయ్యగానే నేను చేసే మొదటి పని, ముద్ర ఉన్న కిలో ఇనప గుండును కాటా మీద పెట్టడం. ఎర్ర అంకెలు కాసేపు ఊగి 1.000 దగ్గర ఆగుతాయి. ఆగేదాకా చెయ్యి తీసేసి నిలబడతాను. "ప్రభువా, ఈ రోజు దీని మీద పడే ప్రతి గింజా నువ్వు చూస్తున్నావు" అంటాను. ఆ ప్రార్థన అంతే. దొంగత్రాసు దేవునికి అసహ్యమని బైబిల్లో సామెతల పుస్తకం 11వ అధ్యాయం మొదటి వచనంలోనే ఉంది. నిన్ను వలె నీ పొరుగువాణ్ణి ప్రేమించమన్న లేవీయకాండము 19వ అధ్యాయం చివర్లోనే త్రాసులు, గుండ్లు న్యాయంగా ఉండాలన్న మాట కూడా ఉంది. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయని నేను పెద్దయ్యాకే గమనించాను.

ఈ అలవాటు నాకు ఒక దెబ్బ తగిలాక వచ్చింది. 11 ఏళ్ల కిందట ఒక వానాకాలం. గుండు పెట్టి చూసి చాలా వారాలైంది. ఒకరోజు దుమ్ము తుడుస్తూ ఊరికే పెట్టాను. 1.020 చూపించింది. తీసి మళ్లీ పెట్టాను, అదే అంకె. అంటే కిలో అని నేను కట్టిచ్చిన కందిపప్పు నిజానికి 980 గ్రాములే. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందో తెలియదు. ఆ రోజు నా చేతులు వణికాయి. పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లొచ్చి, కూలి డబ్బుల్లోంచి పావుకిలో పప్పు కొనుక్కునే ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే కళ్ల ముందు కనిపించాయి.

కాటా బాగు చేయించి కొత్తగా ముద్ర వేయించేదాకా అమ్మకం ఆపాను. ఆ తర్వాత ఏం చెయ్యాలన్న దగ్గర ఇంట్లో పెద్ద మాటలే అయ్యాయి. "నువ్వు కావాలని చేశావా? ఎవరికీ తెలియని తప్పును ఊరంతా చాటుకుంటావా?" అన్నారు మా ఆయన. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న లూకా 19వ అధ్యాయం ఆ రాత్రి ఇద్దరం కలిసి చదివాం. పొద్దున్నే మా ఆయనే అట్టముక్క మీద రాసి తగిలించారు: "మా కాటా కొన్నాళ్లు తక్కువ తూచింది. క్షమించండి. రెండు నెలలు కిలోకు 50 గ్రాములు కొసరు." వచ్చిన ప్రతి ఒక్కరికీ నోటితో కూడా చెప్పాను. చాలామంది "పోనీలే అక్కా" అన్నారు. రెండిళ్ల వాళ్లు రావడం మానేశారు. వాళ్లలో ఒకరు ఇప్పటికీ రారు.

కాబట్టి మీ చోటు తెలిశాక మూడు పనులు చెయ్యండి. రోజూ ఒకే వేళకు దాన్ని సరిచూసుకోండి. తప్పు బయటపడితే ముందు నష్టపోయిన మనిషికి చెప్పండి, దేవునికి చెప్పేశాం కదా అని ఊరుకోకండి. పోయింది తిరిగివ్వండి. వీలైతే కొసరుతో ఇవ్వండి. లూకా 6:38లో అణచి, కుదిలించి, దిగజారేటట్టు నిండు కొలత అన్న మాట ఉంది చూడండి, మానికతో బియ్యం కొలిచినవాళ్లకు అది వినగానే అర్థమవుతుంది. మా అమ్మ మానికను ఒకసారి నేలకు తట్టి, అరచేత్తో అదిమి, మళ్లీ పోసి, పైన కుప్ప కట్టాక గానీ పొరుగింటి గిన్నెలో వంపేది కాదు.

పాల ప్యాకెట్ల ప్రార్థన

కొత్తగా నమ్మినవాళ్లు తెల్లవారుజామున గంటసేపు మోకరించాలని పట్టు పడతారు. పది రోజులు చేసి, పదకొండో రోజు నిద్ర ఆపుకోలేక మానేసి, ఇక మనవల్ల కాదని దిగులుపడతారు. నాకు పసిపిల్లలున్నప్పుడు నేనూ అలాగే దిగులుపడ్డాను. పని ఎలాగూ తప్పదు కాబట్టి ప్రార్థనను పనికి కట్టెయ్యండి. అలా కడితేనే నిలుస్తుంది.

నాకు పొద్దున 23 ఇళ్లకు పాల ప్యాకెట్లు విడదీసి పెట్టే పని ఉంటుంది. ఒక్కో సంచిలో ప్యాకెట్ వేస్తూ ఆ ఇంటివాళ్ల కోసం ఒక్క మాట ప్రార్థిస్తాను. అర లీటరు ఇల్లు, అక్కడ తాతకు పక్షవాతం. లీటరు ఇల్లు, అక్కడ కోడలు నెల తప్పింది. ఒక ఇంటికి నెల రోజులుగా లీటరు బదులు అర లీటరు చాలంటున్నారు, ఏదో ఇబ్బందిలో ఉన్నట్టున్నారు. పాలు తగ్గించారంటే ఆ ఇంట్లో కష్టం వచ్చిందని కొట్టు నడిపేవాళ్లకు అందరికంటే ముందు తెలుస్తుంది. తెలిసింది దేవుని దగ్గర చెప్పండి, ఇంకెవరి దగ్గరా చెప్పకండి. మన కూడికల్లో "ప్రార్థన చెయ్యండి" అనే పేరుతో పక్కింటి రహస్యం పదిమందికి చేరిపోతోంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. పేరు చెప్పకుండా, విషయం విప్పకుండా కూడా ప్రార్థన చెయ్యమని అడగవచ్చు.

రాత్రి కుటుంబ ప్రార్థన 10 నిమిషాలు చాలు. ఒక పాట, వంతులవారీగా ఒక అధ్యాయం, ఒకరి ప్రార్థన. పిల్లవాడు పక్కనే కూర్చుని వింటుండగా "ప్రభువా, వీడికి చదువు మీద బుద్ధి పుట్టించు, ఫోను పిచ్చి వదిలించు" అని మొదలుపెట్టకండి. అది వాడిని తిట్టడమే, ప్రార్థన కాదు. మా పెద్దవాడు పదో తరగతిలో ఉన్నప్పుడు, "అమ్మా, ప్రార్థనలో తిట్టకు, బయట తిట్టు" అన్నాడు. ఆ రోజు నుంచి మానుకున్నాను.

అరువు పుస్తకం

ఇక్కడ నన్ను ఎక్కువమంది అడిగేది, క్రైస్తవులైతే అడిగినవాళ్లందరికీ అరువివ్వాలా అని. ఇవ్వనవసరం లేదు. ఇవ్వలేనప్పుడు నవ్వుతూ, నసగకుండా, "ఈ నెల ఇవ్వలేనమ్మా" అని చెప్పండి. అవునంటే అవును, కాదంటే కాదు అన్న మత్తయి 5:37 అరువు విషయంలోనూ పనికొస్తుంది. "చూద్దాం, రేపు రా" అని మూడు రోజులు తిప్పించుకోవడం కంటే ఒక్క "లేదు" మేలు.

ఇచ్చాక వసూలు ఎలా చెయ్యాలన్నది ద్వితీయోపదేశకాండము 24:10, 11లో నేర్చుకున్నాను. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయట నిలబడాలి, అతనే తెచ్చి ఇవ్వాలి అని ఉంది. గడప దాటవద్దంటున్నాడు దేవుడు. పేదవాడి గడపకు అంత మర్యాద ఇచ్చాడు! అది చదివాక నేను బాకీ కోసం ఎవరింటికీ వెళ్లడం మానేశాను. పదిమందిలో పుస్తకం తెరవను, లెక్క పైకి చదవను. మనిషి ఒంటరిగా వచ్చినప్పుడు పుస్తకం వాళ్ల వైపు తిప్పి, పద్దు మీద వేలు పెట్టి చూపిస్తాను. అంతే. ఇలా చేస్తే డబ్బు మునిగిపోతుందని భయపడ్డాను. కొంత మునిగింది కూడా. కానీ ముఖం చాటేసి వేరే దారిన వెళ్లే మనుషులు తగ్గారు.

డిసెంబరు చివరి వారంలో ఒక్కదాన్నే కూర్చుని పుస్తకం మొత్తం చూస్తాను. నిజంగా ఇవ్వలేనివాళ్ల పద్దులు రెండో మూడో కొట్టేస్తాను. వాళ్లకు చెప్పను. మళ్లీ అడగను, అంతే. స్తోమత ఉండి ఎగ్గొట్టేవాళ్ల పద్దులు మాత్రం అలాగే ఉంచుతాను, గుర్తు చేస్తాను. అది కఠినత్వం అని నేననుకోను.

కూలి ఆ రోజుదే

బియ్యం బస్తాలు దించే హమాలీలకు, కొట్టులో సాయం చేసే అబ్బాయికి, ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు డబ్బు ఎప్పుడిస్తున్నారో చూసుకోండి. కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వాలని అదే ద్వితీయోపదేశకాండము 24లో ఉంది. అతను దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడట. "చిల్లర లేదు, రేపు తీసుకో" అన్న మాట మన నోటికి తేలిగ్గా వస్తుంది. రేపటిదాకా అతని ఇంట్లో ఏం వండుతారన్నది మనకు తట్టదు. లారీ వచ్చే రోజు ముందు రాత్రే వాళ్ల కూలి లెక్కకట్టి, విడి నోట్లు వేరే డబ్బాలో పెట్టుకోండి. ఫోనులో డబ్బులు పంపడం వచ్చాక ఈ సాకు ఎలాగూ పోయింది.

మా ప్రాంతం వాళ్లకు ఈ మాట కొత్త కాకూడదు. 1876 నుంచి 1878 దాకా ఇక్కడ ఘోరమైన కరువు, పెద్దవాళ్లు ధాత కరువు అనేవారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. కరువు నడుస్తున్నంతకాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చేవాళ్లెవరో, నమ్మి వచ్చేవాళ్లెవరో తేలాలన్నది ఆయన ఉద్దేశం. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఇదే గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మనం ప్రతి ఉత్సవంలో చెప్పుకుంటాం. దానికి ముందు తవ్విన మట్టి, పెట్టిన అన్నం, ఇచ్చిన కూలి గురించి కూడా పిల్లలకు చెప్పాలి.

ఒకే గ్లాసు

ఆ చరిత్రలోనే ఇంకో సంగతి ఉంది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కులంవాళ్లను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్లు అన్నప్పుడు, క్లౌ దంపతులు బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన 1 కొరింథీయులకు పత్రిక మొదటి అధ్యాయం చదువుకుని, లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట పట్టుకుని నిలబడ్డారు. అలా పుట్టిన సంఘాల్లో ఇవాళ కూడా పెళ్లి సంబంధం అనగానే "మాలా, మాదిగా?" అని అడుగుతున్నాం. ఇది పాపమని నేను నమ్ముతున్నాను, మెత్తగా చెప్పలేను. మీ వంతుగా చెయ్యగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో, మీ కొట్లో మంచినీళ్ల కుండ దగ్గర ఒకే గ్లాసు ఉంచండి. ఎవరొచ్చినా అదే. తాగాక కడగడం కూడా అందరికీ ఒకేలా కడగండి. సంబంధం చూసేటప్పుడు ఆ ప్రశ్న మీ నోట రానివ్వకండి. మా చిన్నవాడి పెళ్లిలో మేం అడగలేదు. బంధువుల్లో కొందరు భోజనానికి రాలేదు.

కర్పూరం, ప్రసాదం, మైకు

మా కొట్లో కొబ్బరికాయలు, కర్పూరం, అగరొత్తులు ఉంటాయి. సంఘంలో ఒక పెద్దాయన దీనికి అభ్యంతరం చెప్పారు. ఆయన మనస్సాక్షిని గౌరవిస్తాను, వాదించలేదు. నా మట్టుకు, పొరుగింటామె తన పూజకు కావలసింది నా దగ్గర నమ్మి కొనుక్కుంటే ఇస్తాను. గుట్కా, ఖైనీ మాత్రం మానేసి తొమ్మిదేళ్లయింది. నెలకు వచ్చే లాభంలో కనిపించేంత పోయింది. అవి నమిలి నోరు పాడైపోయిన మనుషుల్ని ఈ వీధిలోనే చూశాను. అయితే మా ఊరి పొలాల్లో పొగాకే పండుతుంది, మా సంఘంలో కృతజ్ఞత కానుకలు కూడా ఆ డబ్బులోంచే వస్తాయి. దీనికి జవాబు నా దగ్గర ఇంకా లేదు, ప్రార్థిస్తూనే ఉన్నాను.

పొరుగువాళ్లు ప్రసాదం తెస్తే ఏం చెయ్యాలన్నది కొత్త పెళ్లికూతురు అడిగింది. పౌలు 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాల్లో విగ్రహాలకు పెట్టిన వాటి గురించి రాశాడు, అవి మీరే నిదానంగా చదవండి. తినాలో వద్దో మీ మనస్సాక్షి చెబుతుంది. ఏం చేసినా, తెచ్చిన మనిషిని గడప దగ్గర చిన్నబుచ్చకండి. రెండు చేతులతో గిన్నె అందుకుని, "కూర్చో వదినా" అనండి. నేను తినను, పక్కింటి వదినకు ఆ సంగతి ముందే నెమ్మదిగా చెప్పాను. ఇప్పుడామె దసరాకు నా కోసం విడిగా, పూజకు ముందే, అరిసెలు తీసి పంపుతుంది. క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి కేకు, సున్నుండలు వెళ్తాయి.

ఇక మైకు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని చట్టమే ఉంది. చట్టం లేకపోయినా, పరీక్షలకు చదువుకునే పిల్లలున్న వీధిలో అర్ధరాత్రిదాకా స్తుతులు వినిపించడం సాక్ష్యం కాదు. మీ సంఘంలో ఈ మాట ఎత్తడానికి భయపడకండి.

పిడికెడు బియ్యం

కానుక గురించి క్లుప్తంగా. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతిపూటా ఒక పిడికెడు తీసి మూల ఉన్న చిన్న కుండలో వేసేది. తినడానికి తక్కువైన రోజు కూడా వేసేది, పిడికిలి మాత్రం చిన్నదయ్యేది. శనివారం ఆ బియ్యం గుడికో, ఒంటరి ముసలమ్మకో వెళ్లేవి. మీరూ అలా మొదలుపెట్టండి. దశమభాగం ఇవ్వాలనుకునే కొట్టువాళ్లు అమ్మకం మీద కాక లాభం మీద లెక్క వేసుకోండి. అప్పు చేసి కానుక వెయ్యకండి. ఇంత పంపితే రోగం పోతుందని ఎవరన్నా చెబితే పంపకండి. నాకు షుగరు ఉంది. ఉపవాస ప్రార్థన రోజున బిళ్ల మానేసి ఒకసారి కళ్లు తిరిగి పడ్డాను. ఇప్పుడు డాక్టరు చెప్పినట్టే తింటాను, టీవీ మానేసి ఉపవాసం ఉంటాను.

శనివారం సాయంత్రం

నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే యేసును తలచుకుని అందరం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు. కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5:23, 24 చెబుతుంది. నాకూ మా తోడికోడలికీ మురుగు కాలువ గొడవలో ఆరేళ్లు మాటల్లేవు. ఇద్దరం ఒకే గుడిలో, ఒకే వరుసలో, అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కూర్చునేవాళ్లం. ప్రతి నెలా రొట్టె తీసుకున్నాను. ఒకసారి ఆ వరుసలో పళ్లెం చేతులు మారుతూ ఆమె దగ్గర నుంచి నా దగ్గరకు వచ్చింది. నేను తీసుకోలేకపోయాను.

తర్వాతి శనివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వెళ్లేముందు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను, మీకూ అదే చెబుతాను. మీ తప్పు మాత్రమే రాసుకోండి. అందులో "కానీ" అన్న మాట ఉంటే కొట్టేయండి. నా కాగితంలో మూడు "కానీ"లు ఉన్నాయి. కొట్టేశాక ఒక్క వాక్యం మిగిలింది. "అక్కా, ఆ రోజు నీ పిల్లల ముందు నిన్ను అనరాని మాట అన్నాను, తప్పు చేశాను." ఆమె గుమ్మంలోనే నిలబడి వింది. లోపలికి రమ్మనలేదు. మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది, తాగి వచ్చేశాను. నేను ఏడుస్తానో ఆమె ఏడుస్తుందో అనుకున్నాను, ఇద్దరం ఏడవలేదు. మూడు నెలల తర్వాత ఆమె కొట్టుకొచ్చి అరకిలో బెల్లం అడిగింది. కాలువ గురించి ఇప్పటికీ మా ఇద్దరి మాటా వేరే. వరుసలో మాత్రం పక్కపక్కనే కూర్చుంటాం.

ఆదివారం పాలు ఇచ్చేసి 8 గంటలకు షట్టర్ దించుతాను. సాయంత్రం కూడా తియ్యను. ఆదివారం గిరాకీ ఎక్కువ, ఆ సంగతి నాకు తెలుసు. కానీ మీలో షిఫ్టుల్లో పనిచేసే నర్సులు, బస్సు కండక్టర్లు ఉంటారు, మీకు ఏ రోజు సెలవు దొరికితే ఆ రోజు పూర్తిగా ఆగండి. సబ్బాతు రోజున, అంటే పని మానే విశ్రాంతి దినాన, గుంటలో పడ్డ గొర్రెను పైకి తియ్యరా అని ప్రభువు అడిగాడు కదా, అందుకే పక్క తలుపు గడియ పెట్టను. పసిబిడ్డకు పాలపొడి అనో, ఎవరికో విరేచనాలు, ఓఆర్‌ఎస్ కావాలనో తడితే లేచి వెళ్తాను. కాటా అవసరం లేనివి మాత్రమే ఇస్తాను, దాని మీద ఆ రోజు గుడ్డ కప్పి ఉంటుంది.